‘ఇంట్లో ఉన్నది వాళ్లేగా!’

నాలుగు గోడల మధ్య హత్య జరిగితే చాలు, తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పొద్దుగూకేలోపు తీర్పు వచ్చేస్తోంది: ‘ఇంట్లో ఉన్నది వాళ్లేగా!’ టీకొట్టు దగ్గర మొదలైన ఈ మాట స్టేషన్ మెట్లెక్కితేనే ప్రమాదం. నోయిడాలో తల్లిదండ్రుల ఫ్లాటులోనే హత్యకు గురైన బాలిక ఆరుషి కేసు గుర్తున్నవారెవరూ ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

2008 మే 16 ఉదయం ఆ ఫ్లాటంతా పోలీసులు, చుట్టాలు, ఇరుగుపొరుగు, విలేకరులు తొక్కి తిరిగారు. డాబా తలుపు తాళం మాత్రం ఎవరూ పగలగొట్టలేదు. పనివాడు హేమరాజ్ చంపి పారిపోయాడన్నారు. మర్నాడు అతని శవం ఆ డాబా మీదే దొరికింది. అప్పుడు వేలు తల్లిదండ్రుల వైపు తిరిగింది. సాక్ష్యం చాలదు, మూసేయండని 2010లో సీబీఐ ఇచ్చిన నివేదిక మీదే విచారణ నడిచి, 2013లో వారికి యావజ్జీవం పడింది. ఇంట్లో ఉన్నది వాళ్లేగా! 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. మరో అనుమానితుడి గదిలో దొరికిన దిండు గలీబు మీద హేమరాజ్ డీఎన్ఏ ఉందని మన హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ మొదట రాసి, 2011లో అది అచ్చుతప్పని చెప్పింది.

ఇంటి గుట్టు ఇంట్లోవాళ్లే చెప్పాలన్న వాదన ఉంది. చట్టంలోనూ ఉంది: పాత సాక్ష్య చట్టంలో 106వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి సాక్ష్య అధినియమ్‌లో 109. కానీ నేరం రుజువు చేసే బరువు ప్రాసిక్యూషన్‌దేనని, 106 దాన్ని దించదని సుప్రీంకోర్టు 1956లోనే చెప్పింది.

రుజువు నిలిచేది తొలి గంటల్లో. రక్తం అంటిన గుడ్డను తడిగానే ప్లాస్టిక్ కవర్లో కుక్కితే చెమ్మకు బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. నీడన ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడి కాగితపు కవర్లో పెట్టి, క్రైం నంబరు, దొరికిన చోటు అక్కడికక్కడే రాసి లక్క సీలు వేయాలి. గుమ్మంలో ఒక కానిస్టేబుల్ నిలబడి, లోపలికెళ్లిన ప్రతివారి పేరు, టైము రాయాలి, సీఐ అయినా ఎమ్మెల్యే అయినా. విలేకరులమూ ఆ గుమ్మం దాటకూడదు. సోదాలు వీడియో తీయాలనీ, ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి రావాలనీ 2024 జులై 1 నుంచి అమలైన కొత్త నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) చెబుతోంది. రెండోదానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువుంది. అప్పటిదాకా ఆగే పనా ఇది?

పద్నాలుగేళ్లు నిండని ఆ పిల్లను ఎవరు చంపారో ఇప్పటికీ ఏ కోర్టూ తేల్చలేదు. నిందితులకు ముసుగులు తొడిగి ప్రెస్‌మీట్లు పెట్టే అధికారులారా, ముందు గుమ్మానికి టేపు కట్టించండి.