లేక్ ఫోర్క్‌కి మూడో స్థానమా?
టెక్సస్‌లో బాస్ అనే చేపని గాలంతో పట్టడానికి మంచి చెరువులేవో చెప్పే ఒక జాబితా చూశాను. అందులో ఓ.హెచ్. ఐవీ చెరువుని మొదట పెట్టి, లేక్ ఫోర్క్‌ని మూడో స్థానానికి దించారు. ఈమధ్య ఐవీలో 13 పౌండ్లు దాటిన చేపలు బాగా పడుతున్న మాట నిజమే. కానీ 1992లో దొరికిన 18.18 పౌండ్ల రాష్ట్ర రికార్డు చేప ఫోర్క్‌దే కదండీ! అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే తిరిగి నీళ్ళలో వదిలేయాల్సిందే. పెద్దవి మిగిలేది అందుకే. మేం డాలస్ నుంచి తెల్లారకముందే బయల్దేరతాం. మునిగిన చెట్ల మొద్దుల పక్కన ప్లాస్టిక్ పురుగుని ఎరగా వేసి కూర్చుంటే, దారం చప్పుడు లేకుండా ఓ పక్కకి జరుగుతుంది. గాలం లాగాల్సింది అప్పుడే! అదే శామ్ రేబర్న్ అనే ఇంకో చెరువైతే లక్ష ఎకరాల పైమాటే, మంచి పడవ ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నేనైతే ఫోర్క్‌కే వెళ్ళమంటాను.