డిశ్చార్జ్ తర్వాత ఫోన్ చేసే సిస్టర్ కావాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే మనిషిని ఇంటికి పంపేస్తున్నారు. పంపడంలో తప్పు లేదు. ఆ బెడ్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తుంటారు, వార్డులో ఇన్‌ఫెక్షన్ భయమూ ఉంటుంది. అయితే గాయంలో చేరే నీటిని లాగడానికి చంక కింద పెట్టిన డ్రెయిన్ ట్యూబు, దాని చివర డబ్బా కూడా చాలాసార్లు ఆమెతోపాటే ఇంటికి వెళ్తాయి. రోజూ ఒకే వేళకి అందులో ఎన్ని మిల్లీలీటర్లు చేరిందో చూసి రాసుకోవాలి, పారబోయాలి, డబ్బాను నొక్కి గాలి తీసేసి మూత బిగించాలి. గాలి ఉండిపోతే అది నీటిని లాగదు. 24 గంటల్లో చేరేది 30 మిల్లీలీటర్ల లోపుకి దిగితే సాధారణంగా ట్యూబు తీసేస్తారు. ఆసుపత్రిలో ఇది చదువుకున్న నర్సు చేసే పని. డిశ్చార్జ్ హడావిడిలో ఐదు నిమిషాలు చెప్పి, మర్నాటి నుంచి దాన్ని ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల చేతిలో పెడుతున్నాం.

ఆ పిల్లకి ఫోన్‌లో ఒక నర్సు తోడుండాలి. దయతో చేసే సాయంగా వద్దు, ఆపరేషన్ ప్యాకేజీలో భాగంగానే ఉండాలి. దీనికి యాప్ అక్కర్లేదు. పేషెంటు కేసు కాగితాలు ముందు పెట్టుకుని, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు తానే ఫోన్ చేసి అడిగే సిస్టర్ చాలు. నీరు ఎంత వచ్చింది, ఏ రంగులో ఉంది, జ్వరం ఉందా, కుట్ల చుట్టూ ఎర్రబడిందా, చెయ్యి ఎంతవరకు లేస్తోంది?

ఈ చివరి ప్రశ్నే ఇంట్లో ఎవరూ అడగరు. పలకరించడానికొచ్చిన ప్రతి చుట్టమూ ఒక డాక్టరే. పప్పు తింటే చీము పడుతుందంటారు, గుడ్డు వద్దంటారు, చెయ్యి అసలు కదపొద్దంటారు. గాయం మానడానికి ప్రోటీన్ కావాల్సిన మనిషికి చారన్నం పెట్టి, చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చోబెడతారు. నెల తిరిగేసరికి భుజం పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ఇంగ్లండ్‌లో 17 ఆసుపత్రుల్లో భుజం సమస్య వచ్చే అవకాశం ఎక్కువున్న 392 మంది మహిళలతో చేసిన ప్రాస్పర్ అధ్యయనం 2021లో వచ్చింది. ఫిజియోథెరపిస్టు దగ్గరుండి, వారం పది రోజుల నుంచే మెల్లగా వ్యాయామం మొదలుపెట్టించినవాళ్ల చెయ్యి, కరపత్రాలు ఇచ్చి పంపినవాళ్ల కంటే ఏడాది తర్వాత మెరుగ్గా పనిచేసిందని తేలింది. మనం చేస్తున్నది కూడా ఆ కరపత్రం పనే, అదీ ఉన్నచోట.

చంకలోని లింఫు గ్రంథులు పూర్తిగా తీసినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి తర్వాతెప్పుడో చెయ్యి వాస్తుంది. తొలి సూచన ఏమిటో తెలుసా? ఆ చేతి గాజులు బిగుతవుతాయి, జాకెట్టు చెయ్యి పట్టేస్తుంది. ఇంట్లోవాళ్లు ఒళ్లు చేసిందనుకుంటారు. విన్న నర్సుకి మాత్రం వెంటనే వెలుగుతుంది. మొదట్లో పట్టుకుంటే వాపు అదుపులో ఉంటుంది, ముదిరాక ఇక జీవితాంతం ఆ బరువు మొయ్యాల్సిందే.

ఇక నన్ను పూర్తిగా ఒప్పించిన లెక్క న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిది. ముదిరిన క్యాన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిలో కొందరు తమ బాధలను కంప్యూటర్‌లో నమోదు చేసేవారు, తీవ్రమైతే నర్సుకి మెయిల్ వెళ్లేది. మిగతావాళ్లకి మామూలు పద్ధతే. 2017లో ఫలితం చెప్పారు: మామూలు పద్ధతిలో మధ్యస్థ ఆయుష్షు, అంటే సగంమంది దాటిన కాలం, 26 నెలలు, నర్సుకి కబురు వెళ్లినచోట 31.2 నెలలు. ఐదు నెలల తేడా! ఇది ఆపరేషన్ తర్వాతి కథ కాదు, నిజమే. కానీ ఇలాంటి తేడా చూపించే కొత్త మందు వస్తే ఏ ధర పెట్టి అమ్ముతారో ఊహించుకోండి.

ఫోన్‌లో గాయం కనపడదంటారు. ఇంకో అభ్యంతరం, ఫోన్ కొడుకు దగ్గరో మొగుడి దగ్గరో ఉంటుంది, రొమ్ము గురించి వాళ్ల ముందు ఎలా మాట్లాడుతుందని. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. అందుకే నర్సే ఫోన్ చెయ్యాలంటున్నాను. “బాబూ, అమ్మకిచ్చి నువ్వు కాస్త బయటికెళ్లు” అని సిస్టర్ గొంతు అడిగితే ఇస్తారు. గాయం అనుమానంగా ఉంటే ఎలాగూ రమ్మనే చెబుతారు. బాగానే ఉన్న గాయం కోసం ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్లు హైదరాబాద్ రావడం తప్పుతుంది, అదేమైనా తక్కువా?

అసలు అడ్డంకి వేరే ఉంది. మన వ్యవస్థ దృష్టిలో నర్సంటే డాక్టరు రాసింది చేసిపెట్టే చెయ్యి, అంతే. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టర్ల కోసం రాసినవి. నర్సు అందులో రోగి పక్కన కూర్చుని డాక్టరుకి లైను కలిపే సహాయకురాలు. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివినామె సొంతంగా ఒక ప్రశ్న అడిగి ఒక నిర్ణయం చెప్పగలదని మనం నమ్మం. తర్వాత వాళ్లంతా గల్ఫ్‌కి, బ్రిటన్‌కి వెళ్లిపోతున్నారని వాపోతాం.

గ్లెన్ మెక్‌గ్రాత్ గుర్తున్నాడుగా, మన బ్యాటర్లని ఏడిపించిన ఆస్ట్రేలియా బౌలర్. భార్య జేన్‌తో కలిసి 2005లో పెట్టిన ఫౌండేషన్ కోసం ఏటా సిడ్నీ టెస్టు గులాబీమయం అవుతుంది. 2025 జనవరిలో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆడింది ఆ టెస్టే. అక్కడ పోగయ్యే విరాళాలు ప్రధానంగా రొమ్ము క్యాన్సర్ రోగులకి ఉచితంగా తోడుండే నర్సుల కోసం. మన దాతలు యంత్రం కొనిస్తారు, దాని మీద పేరు రాయించుకోవచ్చు కనక.

మనకేమీ లేదని కాదు. 104కి ఫోన్ చేస్తే ఆరోగ్య సలహా చెప్పే ఏర్పాటు ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే మొదలైంది. ఆంధ్రలో పల్లె క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే కూర్చుంటున్నారు. అక్కడే 2019 చివర్లో మొదలైన ఆరోగ్య ఆసరా పథకంలో ఆపరేషన్ తర్వాత ఇంట్లో కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు ఇచ్చారు. అంటే ఆ రోజులు కూడా చికిత్సలో భాగమేనని ప్రభుత్వం అప్పుడే ఒప్పుకుంది. ఇప్పుడు ప్యాకేజీలో నర్సు ఫోన్‌కి ఇంత అని ఒక పద్దు చేర్చాలి. ముందు హైదరాబాద్ ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఆరు నెలలు నడిపి, ఎందరు మళ్లీ అడ్మిట్ అయ్యారో, ఎందరి భుజం పట్టేసిందో లెక్క బయటపెట్టమనండి.