ఆత్మల లెక్క అడగడం ఆపండి

మొన్న యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు ఏడ్చేశాడు. "అన్నా, ఆరు నెలలైంది, ఒక్కరినీ మందిరానికి తీసుకురాలేకపోయాను" అని. అందరం ఓదార్చాం. కానీ ప్రతి వారం 'ఈ నెల ఎన్ని ఆత్మలు?' అని, అంటే ఎంతమందిని ప్రభువు దగ్గరికి తెచ్చావని, అడిగేది మనమే కదా! రాత్రంతా నాకు కోపం తగ్గలేదు.

నేనూ అలాగే ఉండేవాణ్ణి. పదేళ్ల కిందట ఆర్కే బీచ్‌లో పొద్దున్నే సువార్త కరపత్రాలు పంచుతున్నాను. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఒకటి తీసుకుని, గోడ మీద కూర్చుని చదవడం మొదలుపెట్టారు. ఆయన్ని చదవనిస్తేగా? ఎదురుగా నిలబడి, ఊపిరి తీసుకోకుండా వచనం మీద వచనం చెబుతున్నాను. చేతిలో కరపత్రాల కట్ట చెమటకి మెత్తబడిపోయింది.

"బాబూ, ఇక్కడ 'సమాధానం' అని రాశారు. జవాబనా?" అన్నారు.

"కాదండీ, శాంతి అని."

"మరి నీకే లేదేం? కాస్త కూర్చో."

కూర్చున్నాను. ఇద్దరం చాలాసేపు అలల వైపు చూస్తూ ఉండిపోయాం. వెళ్లేటప్పుడు కాగితాన్ని మడతపెట్టి జేబులో వేసుకున్నారు. తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

మన విశాఖకే 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో! ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ కళ్లారా చూసుకోలేదు. మన లెక్కల పుస్తకంలో వాళ్ల పేర్ల ఎదురుగా ఏం రాస్తాం?

నాటేది ఒకరు, నీళ్లు పోసేది ఇంకొకరు, పెంచేది దేవుడని పౌలు కొరింథీయులకు రాశాడు. అంటే నోరు మూసుకుని కూర్చోమని కాదు. అడిగినవారికి సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు కూడా రాశాడు. అడిగేదాకా ఆగే ఓపిక, దేవుని మీద నమ్మకం ఉంటేనే వస్తుంది. ఆయన చేయాల్సిన పని కూడా మన నెత్తిన వేసుకుంటే టెన్షన్ కాక ఏం మిగులుతుంది?

మా ఆఫీసులో ఒకాయన పోయిన వారం అడిగారు: "మీ దేవుడు మంచివాడైతే మా అమ్మకెందుకండీ ఇంత నొప్పి?" నాకు తెలియదన్నాను. ఆమె కోసం ప్రార్థిస్తున్నానని చెప్పాను. రేపు ఆవిడని ఆసుపత్రిలో చూపించాలట, నన్నూ తోడు రమ్మన్నారు. ఏడింటికల్లా ఓపీ క్యూలో ఉండాలి.