మా మిద్దె మీది గేట్ వాల్వు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గేట్ వాల్వు గారి సముఖానికి,

అమీర్‌పేటలోని మా ఐదంతస్తుల వాణిజ్య సముదాయపు నిర్వహణ సంఘం కార్యదర్శి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గాని, గడచిన ఆదివారం నుంచి ఇటువైపు కుశలం లేదు. తమరు మాత్రం కుశలమే. భవనమంతటికీ నీరు ఆపవలసిన చక్రం నెత్తిన పెట్టుకొని, ట్యాంకు నీడన, పద్నాలుగేళ్లుగా ఒక్క చుట్టయినా తిరగకుండా కూర్చున్నవారి కుశలానికి లోటేముంటుంది?

జరిగినదంతా తమకు పైనుంచి వినిపించే ఉంటుంది, అయినా విన్నవించుకోవడం నా విధి. ఉదయం ఆరున్నరకు రెండో అంతస్తు కోచింగ్ సెంటరు మరుగుదొడ్డిలో యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయిని గోడలోని పైపుకు కలిపే నిపుల్ అనే పొట్టి గొట్టం ముక్క గోడలోనే విరిగింది. కాక్ ఊడి గచ్చు మీద పడింది, దాని చోటునుంచి బొటనవేలంత ధార బయలుదేరి ఎదుటి గోడను కొట్టింది. తమరున్న మిద్దెకూ ఆ గోడకూ మధ్య పన్నెండు మీటర్ల ఎత్తుంది. పది మీటర్ల నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో నెడుతుందన్న లెక్క తెలియని మా వాచ్‌మన్, తువ్వాలు ఉండచుట్టి అరచేత్తో ఆ రంధ్రాన్ని అదిమాడు. తువ్వాలు వెంటనే ఆయన ముఖానికే తిరిగివచ్చింది.

నీరు పల్లమెరుగు అంటారు గదా, మా భవనంలోని పల్లాలన్నీ ఆనాడు మాకూ తెలిసివచ్చాయి. రక్తపరీక్షల కేంద్రం వారి ఫాల్స్ సీలింగు నిండు గర్భిణిలా కిందికి జారింది, కాసేపటికి నడిమధ్యలో విరిగింది. దాని కిందున్న పట్టుచీరల దుకాణం సంగతి వ్రాయడానికి చేయి రావడం లేదు. లైట్లు బిగించిన రంధ్రాలలోంచి నీళ్లు కారుతున్నప్పుడు చేయవలసిన మొదటి పని కరెంటు మెయిన్ దించడం. మేము చేసిన మొదటి పని ఫోన్లు తీసి వీడియోలు పట్టడం. అవి సంఘం వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి, ఒక్కొక్కదాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా ఉన్నాయి.

ఏడు దాటాక ఎవరో ఒక పెద్దమనిషి, మెయిన్ వాల్వు ఎక్కడుంది, అని అడిగాడు. ఈ ప్రశ్న మా సంఘం చరిత్రలో అదే మొదటిసారి వినబడింది. లిఫ్టుకు ఏటా కాంట్రాక్టు ఉంది, జనరేటరుకు ఉంది, నిప్పార్పే సిలిండర్ల మీద గడువు తేదీల చీటీలు కూడా ఉన్నాయి, తమ పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ లేదు. తమ ఆచూకీ తెలిసిన ప్లంబరు నంబరు పాత వాచ్‌మన్ ఫోనులో ఉంది, పాత వాచ్‌మన్ మూడేళ్ల క్రితమే ఊరికి వెళ్లిపోయాడు. చివరికి మిద్దె తలుపు తాళం పగలగొట్టి పైకి వెళితే, తమ దర్శనం హోర్డింగు చట్రం వెనుక అయింది. మిద్దె మీద ఆదాయం వస్తుందని రెండేళ్ల క్రితం ఆ చట్రం పెట్టనిచ్చిన తీర్మానం కింద సంతకం నాదే, కాబట్టి దాని గురించి ఇంతకన్నా పొడిగించను.

ఇనుప కమ్మీల సందులోంచి వాచ్‌మన్ భుజందాకా చేయి దూర్చి తమ చక్రాన్ని పట్టుకున్నాడు. మా బోరు నీటిలోని సున్నం మరల మీద పేరుకొని తమరు రాయిలా బిగిసి ఉన్నారు. ఆరు నెలలకొకసారి పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, చివర అరచుట్టు వెనక్కి తిప్పి వదిలితే గేట్ వాల్వు పట్టేయదని తరువాత ప్లంబరు చెప్పాడు. వాచ్‌మన్ పళ్లు బిగించి లాగాడు, టప్పుమని చప్పుడయింది, మేమంతా చప్పట్లు కొట్టాం. చక్రం ఊడి ఆయన చేతికొచ్చింది. లోపలి పలక తన గూటిలోంచి నూలుపోగంత కదలలేదు.

ఇక ఇరవై వేల లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఆగుదామని సర్వసభ్య సమావేశం మెట్ల మీదనే తీర్మానించింది. ముప్పావుగంట గడిచినా ధార సన్నబడలేదు. కారణం మా ఆటోమేటిక్ మోటారు. ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా అది ఎవరి అనుమతీ కోరకుండా సెల్లారులోని సంపు నుంచి నీరు తోడి పైకి పంపింది. మెట్ల మీదుగా దిగిన నీరు సెల్లారు చేరి, సంపు మూత సందులోంచి లోపలికి జారి, తిరిగి మిద్దెకెక్కింది. ఇంకుడు గుంతల మీద ఇన్నేళ్లుగా ఉపన్యాసాలు విన్నాం గాని, నీటిని ఇంత పొదుపుగా మళ్లీ మళ్లీ వాడుకున్న భవనం ఈ వీధిలో మాదొక్కటేనని గర్వంగా చెప్పగలను. ఎట్టకేలకు ఎవరో మెయిన్ దించారు, మోటారు ఆగింది.

పదకొండు గంటలకు ప్లంబరు వచ్చాడు. తమ దర్శనానికి వెళ్లనే లేదు. మాపు కర్ర విరిచి, కొసను కత్తితో బిరడాలా చెక్కి, దానికి గుడ్డపీలిక చుట్టి, పారుతున్న ధారలోనే గోడ రంధ్రంలో పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. రెండు నిమిషాల పని. నాలుగున్నర గంటలుగా మాపు కర్ర మా చేతుల్లోనే ఉంది.

మరునాడు హోర్డింగు చట్రం కోసి తమను ఊడదీశారు. తమ స్థానంలో బాల్ వాల్వు వచ్చింది. పిడిని పావు చుట్టు తిప్పితే చాలు, నీరు ఆగుతుంది. కూలితో కలిపి నాలుగు వేలయింది. చీరల దుకాణం వారు పంపిన నష్టం పద్దులో ఎన్ని సున్నాలున్నాయో సంఘం ఇంకా లెక్కిస్తూనే ఉంది. నెలనెలా మొదటి ఆదివారం పిడిని ఒకసారి తిప్పి చూడాలని ఏకగ్రీవంగా తీర్మానించాం, తీర్మానాన్ని లామినేషన్ చేయించి నోటీసు బోర్డు మీద పెట్టాం.

తమ వారసుడు కూడా కుశలమే. కోతులు, కుర్రాళ్లు పాడుచేస్తారేమోనని ఆయన చుట్టూ రేకు పెట్టె కట్టించి తాళం వేయించాం. తాళం చెవి అధ్యక్షుల వారి దగ్గర ఉంది. ఆయన నివాసం కూకట్‌పల్లి, ఆదివారాలు ఫోను ఎత్తరు.

ఇట్లు
తమ విధేయుడు,
కార్యదర్శి, నిర్వహణ సంఘం
(మూడో అంతస్తు, మెట్లు ఇంకా తడిగానే ఉన్నాయి)