నలుగురు పోసిన నీళ్ళు

టమాటా నారును నీళ్ళతో ముంచి చంపడం ఒంటరి మనిషికి అంత తేలిక కాదు. అతనికి మరుపు ఉంటుంది, బద్ధకం ఉంటుంది, అప్పుడప్పుడు ప్రయాణాలు తగులుతాయి. వాటి పుణ్యమా అని మొలకలు ఎలాగో బతికి బట్టకడతాయి. ఆ పని లోపం లేకుండా జరగాలంటే బాధ్యత తెలిసిన కుటుంబం ఉండాలి. నేను చెప్పబోయే ఇంటిలో అటువంటివారు నలుగురున్నారు. మొక్కల విషయంలో వారిలో ఏ ఒక్కరూ మిగిలిన ముగ్గురినీ నమ్మరు.

ఇంటి పెద్దాయన లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. తెల్లవారుతూనే లేచి, కళ్ళద్దాలకంటె ముందు చెంబు వెతుక్కుంటారు. కళ్ళద్దాలు లేకుండా మట్టి తడిగా ఉన్నదో లేదో తెలియదు కనుక, పొడిగానే ఉన్నదని తీర్మానించి పోసేస్తారు. ఈ సంగతి తెలియని ఆయన భార్య ఇంటిపని కొంత తెమిలిన తరువాత బాల్కనీలోకి వచ్చి, పసిమొక్కలను పట్టించుకునే దిక్కే లేదని నొచ్చుకొని, నిండు మగ్గుతో ఆ లోటు తీరుస్తారు. కోడలు ఆఫీసుకు బయలుదేరే తొందరలో, సాయంత్రం తాను వచ్చేసరికి ఆలస్యమవుతుందేమోనని మరునాటి వాటా కూడా కలిపి పోసి వెళుతుంది. బడినుంచి వచ్చిన మనుమడు స్ప్రే సీసా అందుకుంటాడు. వాడి దృష్టిలో అది నీళ్ళు పోయడం కాదు, వాన కురిపించడం. వీటన్నింటికీ తోడు, గచ్చు పాడవకూడదన్న శుభ్రతకొద్దీ నారు పెంచే ట్రే కింద మరొక లోతైన పళ్ళెం అమర్చారు. పైనుంచి దిగిన నీరు పారిపోయే దారి లేక ఆ పళ్ళెంలోనే మకాం వేసి, అడుగు రంధ్రాలగుండా తిరిగి మట్టిలోకే ఎక్కుతూ ఉండేది.

కొన్నాళ్ళకు మొలకలు తలలు వేలాడదీశాయి. వాడిన మొక్కను చూడగానే మనిషికి కలిగే మొదటి ఆలోచన దాహం. ఆ ఆలోచన నలుగురికీ విడివిడిగా, రహస్యంగా కలిగింది. ఆ రోజు ట్రేకు దక్కిన నీటిని తలచుకుంటే, ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషి నోట్లో నలుగురు బంధువులు నాలుగు వైపులనుంచి చెంబులతో నీళ్ళు ఒంపినట్లు అనిపిస్తుంది.

ఈ పోలిక అలంకారం కోసం వేసినది కాదు, జరిగింది అక్షరాలా అదే. వేళ్ళు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల నడుమ ఉండే సందులలో గాలి నిలిచి ఉంటేనే వాటికి ఆక్సిజన్ అందుతుంది. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే, అందులో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో ఉన్నదానికంటె సుమారు 10,000 రెట్లు తగ్గిపోతుంది. శ్వాస అందని వేరు నీటిని పీల్చే శక్తిని కోల్పోతుంది కనుక, పీకలదాకా నీళ్ళలో మునిగి ఉన్న మొక్క ఆకులకు మాత్రం నీరు చాలక వాడిపోతుంది. టమాటాలో మరొక చమత్కారం కూడా ఉన్నది. ఆక్సిజన్ కరువైన వేళ్ళలో పేరుకునే ఏసీసీ అనే పదార్థం పైకి ఎక్కి, గాలి తగిలే చోట ఎథిలీన్ అనే వాయువుగా మారుతుంది. దాని ప్రభావంతో ఆకుకాడ పైభాగం కిందిభాగంకంటె ఎక్కువగా సాగి, ఆకు మొత్తం నేలచూపు చూస్తుంది. దాహంతో వాడిన ఆకు పలచబడి, గుడ్డపేలికవలె మెత్తగా వేలాడితే, నీరెక్కువై వంగిన ఆకు తరచు బిగువుగానే ఉండి కిందికి ముడుచుకుంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఆకును వేలితో తాకితే చాలును. కాని చేతిలో చెంబు ఉన్నవారికి వేళ్ళు ఖాళీగా ఉండవు.

ఆ సమయంలో పెద్దాయన బావమరిది చుట్టపుచూపుగా వచ్చారు. ఆయన చాలాకాలం నర్సరీ నడిపిన మనిషి, మితభాషి. ట్రేను రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి, మట్టిపైన పరుచుకున్న పచ్చని పాచిని చూసి, కింది పళ్ళెంలోని నీటిని చూసి, చివరకు అక్కగారి ముఖం చూశారు.

"దీనికి ఎవరు నీళ్ళు పోస్తున్నారు?"

నలుగురూ ఒకేసారి "నేనే" అన్నారు. ఆ తరువాత కొంతసేపు ఎవరూ ఒకరి వైపు ఒకరు చూడలేదు.

"బావగారూ, దీనికి వైద్యం ఒక్కటే. మీరంతా దీనిని కొద్దిరోజులు మరచిపోవాలి."

ఏదైనా చేయమంటే ఆ ఇంటివారు ఎంత కష్టమైనా చేసేవారు. ఏమీ చేయవద్దనడం వారికి అవమానంగా తోచింది. ముందుగా అక్కగారు శాస్త్రచర్చకు దిగారు. "వరి నీళ్ళలోనే నిలబడి పెరుగుతుంది కదా తమ్ముడూ, దీనికి మాత్రం ఏమి రోగం?" అన్నారు. వరి వేళ్ళలోనూ కాండంలోనూ గాలి గదులు వరుసగా ఉంటాయని, ఆకులు పీల్చిన గాలి ఆ దారిన వేళ్ళ చివరలదాకా దిగుతుందని, టమాటాకు అంత ఏర్పాటు లేదని ఆయన ఓపికగా వివరించారు. మనుమడు మట్టి లేకుండా ఉత్త నీటిలో మొక్కలు పెంచే పద్ధతిని గురించి అడిగాడు. అందులో నీటిలోకి గాలి బుడగలు పంపుతూ ఉంటారని ఆయన చెప్పినదే తడవుగా, వాడు ఒక స్ట్రా తెచ్చి ట్రేలో గుచ్చి ఊదడం మొదలుపెట్టాడు. రోగ నిర్ధారణ సరిగా చేసి చికిత్స కొంచెం తప్పినవాడు ఆ ఇంటిలో వాడొక్కడే కనుక, వాడిని ఎవరూ గట్టిగా కోప్పడలేదు.

చేయవలసిన పనులు నిజానికి కొద్దిగా ఉన్నాయి. కింది పళ్ళెం తీసివేశారు. ట్రేను ఒక మూల ఎత్తి ఏటవాలుగా నిలబెట్టగానే, పళ్ళెం తీసినా ఒక్క చుక్క కారని రంధ్రాలనుంచి నీరు ధారకట్టింది. కుండీ అడుగున కొంత మందాన మట్టి ఎప్పుడూ నీటిని పట్టుకొని వదలదు. పాత్రను వంచితే ఆ తడిపొర ఒక మూలకు చేరి, అందులో కొంత బయటపడుతుంది. కోడలు ఇది విని, అయితే ఈసారి అడుగున గులకరాళ్ళు పోద్దామన్నది. రాళ్ళు పోస్తే ఆ తడిపొర పోదని, రాళ్ళ పైకి ఎక్కి కూర్చొని వేళ్ళకు మరింత దగ్గరవుతుందని బావమరిదిగారు చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు. ఈ రాళ్ళ నమ్మకం చాలా గట్టిది, దానిని పెకలించడం మొక్కను పెకలించడమంత సులువు కాదు.

ట్రేను తరువాత మడత పెట్టిన పాత దినపత్రికలపైన ఉంచారు. కాగితం అడుగు తడిని పీల్చింది. తడిసిన కాగితం తీసి పొడిది వేయడం మనుమడి వంతు. ఎండలో పెడితే త్వరగా ఆరుతుందని పెద్దాయన సూచించారు గాని, తాగలేని స్థితిలో ఉన్న మొక్కను ఎండలో పెడితే ఆకులనుంచి నీరు ఇంకా వేగంగా ఆవిరవుతుందని, వెలుతురు బాగా ఉండి ఎండ నేరుగా తగలని చోటు, 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం, ఆకులు సన్నగా కదిలేటంత గాలి చాలునని తేలింది. ఆకులు పసుపుబారాయి కనుక బలానికి ఏదైనా ఎరువు వేద్దామని కోడలు అడిగింది. తిండి లేక పాలిపోయిన మొక్క వేరు, తినలేక పాలిపోయిన మొక్క వేరు. దెబ్బతిన్న వేళ్ళకు ఎరువులోని లవణాలు కూడా భారమే అవుతాయి. ఆ సీసా తిరిగి అలమారలోకి చేరింది.

బాధాకరమైన ఘట్టం ఏరివేత. కొన్ని మొలకలు మట్టికి సరిగా పైన, మెడ దగ్గర నొక్కినట్లు సన్నబడి పక్కకు పడిపోయాయి. అది నారుకుళ్ళు తెగులు. పిథియం వంటి సూక్ష్మజీవుల విత్తులు నీటిలో ఈదగలవు, నిండా తడిసిన ట్రే వాటికి రాజమార్గం. పెద్దాయన మాత్రం ఆ మొలకలకు అగ్గిపుల్లలు ఆనించి, దారంతో కట్టి, వరుసగా నిలబెట్టి ఉంచారు.

"బావగారూ, అది అలసిపోయి పడుకున్నది కాదు, పోయింది."

"పచ్చగానే ఉన్నదయ్యా!"

"ఇంకా కబురు అందలేదు, అంతే."

పోయినవాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసివేశారు. మిగిలినవాటిలో అనుమానం ఉన్న ఒక మొలకను పైకి తీసి చూస్తే వేళ్ళు కొంత తెల్లగా, గట్టిగానే ఉన్నాయి. గోధుమరంగుకు తిరిగి, లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మాత్రం చేతికి వచ్చే వేళ్ళయితే ఇక ఆశ వదులుకోవలసిందే. బతికే అవకాశం ఉండి, మరీ బురదలో ఉన్నవాటిని అడుగున రంధ్రాలు చేసిన చిన్న కప్పులలోకి, తాజా పొడి మట్టి మిశ్రమంలోకి మార్చారు. మొలకను ఆకు పట్టుకొని ఎత్తాలి గాని కాండం పట్టుకోకూడదన్న నియమాన్ని బావమరిదిగారు గట్టిగా పాటింపజేశారు. ఆకు చిరిగితే ఇంకొకటి వేస్తుంది, కాండం నలిగితే వేసే మొక్కే ఉండదు. ఈలోగా పెద్దాయన ఎంతో ముచ్చటపడి ఒక పెద్ద తొట్టి తెచ్చారు. రెండాకుల మొలక తాగగలిగేది కొంచెమే, అంత మట్టి పట్టి ఉంచే తడి ఆరేసరికి వేళ్ళ గతి మళ్ళీ మొదటికి వస్తుందని చెప్పి దానిని తిప్పి పంపించబోతే, తొట్టి తెచ్చినవారు దానిని బోర్లించి, పైన కూర్చొని అలిగారు.

ఆ తరువాత నిరీక్షణ మొదలయింది. గోడకు ఒక కాగితం అంటించి, నీళ్ళు పోసినవారు తేదీ వేసి సంతకం చేయాలని నిబంధన పెట్టారు. కాగితం మీద ఒక్క సంతకమూ పడలేదు, మట్టి మాత్రం ఆరలేదు. విచారణలో స్ప్రే సీసా బయటపడింది. "నేను పోయలేదు చిన్న తాతయ్యా, చల్లాను" అన్నాడు మనుమడు. నిబంధనలో పోయడమని మాత్రమే ఉన్నదన్న వాదనకు, జీవితమంతా నిబంధనలతో గడిపిన పెద్దాయన తల ఊపకుండా ఉండలేకపోయారు. మరొకవైపు, ఆరని మట్టిని వెదుక్కుంటూ సన్నని నల్లటి ఈగలు వచ్చి ముఖాల చుట్టూ తిరగసాగాయి. వాటి పిల్లపురుగులు తడిమట్టి పైపొరలో ఉండి బూజును, లేత వేళ్ళను తింటాయి. పైపొర ఆరనిస్తే వాటి సంసారం సాగదు; ఎగిరేవాటికి పసుపురంగు జిగురు అట్ట పెట్టారు. అట్టకు ఈగలు కొన్ని అంటుకున్నాయి, అక్కగారి కొంగు పూర్తిగా అంటుకున్నది.

అసలు చిక్కు పెద్దాయన చేతులతోనే. పైన మట్టి పొడిగా కనిపించగానే ఆయన చెయ్యి చెంబువైపు సాగేది. వేలు లోపలికి దింపితే అడుగున ఇంకా తడి తగిలేది. చివరకు బావమరిదిగారు ఆయన చేతికి చెంబుకు బదులు ఒక త్రాసు ఇచ్చారు. నిండా తడిసిన ట్రే ఎంత తూగుతుందో, ఆరిన ట్రే ఎంత తూగుతుందో తెలిస్తే, ఎప్పుడు నీళ్ళు పోయాలో త్రాసే చెబుతుంది. స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్లేయుడు 1724లో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీతో సహా ఉదయం సాయంత్రం తూచి, అది పన్నెండు గంటల పగటిలో సగటున 20 ఔన్సుల నీటిని ఆవిరిగా వదులుతున్నదని లెక్క తేల్చాడని కూడా ఆయన చెవిన వేశారు. అంత పెద్ద మొక్కే అరకిలోకు కాస్త పైన వదిలితే, వేలెడు లేని మొలకలకు మనమెంత పోశామని పెద్దాయన మొదటిసారి లెక్క వేసుకున్నారు. మొత్తం బయటకు చెప్పలేదు.

అప్పటినుంచి ఆయన మారిపోయారు. గీతలు గీసిన పుస్తకం తెరిచి తేదీ, వేళ, తూకం, తేడా, వ్యాఖ్య అని గడులు వేశారు. మొలకలు క్రమంగా తేరుకున్నాయి. పసుపుబారిన పాత ఆకులు తిరిగి పచ్చబడలేదు, పడవు కూడా. కొత్తగా నడుమనుంచి వచ్చిన ఆకు నిటారుగా, పచ్చగా నిలిచిందా అన్నదే చూడాలి, నిలిచింది. ట్రే తేలికపడింది. అందరూ తమ తమ పాత్రలతో సిద్ధమైతే పెద్దాయన అనుమతించలేదు. "ఇంకా 40 గ్రాములు తగ్గాలి" అన్నారు. మరునాడు అది తగ్గింది గాని, ఖాయం చేసుకోవడానికి మరొక తూకం కావాలన్నారు.

ఈసారి ఆకులు మెత్తబడి వేలాడాయి. మిశ్రమం అంచులనుంచి విడిపోయి ట్రే గోడకూ మట్టికీ నడుమ సందు కనిపించింది. బావమరిదిగారు అప్పటికే ఊరు వెళ్ళిపోయినా ఆయన చెప్పినది అక్కగారికి గుర్తున్నది: మట్టి ఇలా విడిపోయినప్పుడు పైనుంచి పోస్తే నీరు పక్క సందులోనుంచే జారిపోతుంది, ట్రేను కొంతసేపు నీళ్ళున్న పళ్ళెంలో కూర్చోబెట్టి, పైపొర తడి తేలగానే తీసి, మిగులు నీరు కారిపోనివ్వాలి. పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళిన వ్యవధిలో ఆమె ఆ పని ముగించి, ట్రేను మళ్ళీ త్రాసు పక్కన యథాస్థానంలో ఉంచారు. ఆయన వచ్చి తూచారు, ఇంకొకసారి తూచారు, గోడమీద సంతకాల కాగితం ఖాళీగా ఉండడం గమనించారు, వంటింటివైపు ఒకసారి చూసి, పుస్తకంలో వ్యాఖ్య గడిలో గుండ్రని అక్షరాలతో ఇలా రాశారు: "నిల్వలో అకారణ పెరుగుదల. విచారణ జరుగుచున్నది."