సంఘం బీరువా బీగంచెవి గారికి ఒక బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన బీగంచెవి గారికి,

వందనాలు. పోయిన ఆదివారం పలమనేరులో పెళ్లి భోజనం బ్రహ్మాండంగా జరిగిందని విన్నాను, సంతోషం. మీరు తినలేదనుకోండి, కానీ ట్రెజరర్ గారి చొక్కా జేబులోనే ఉన్నారు కాబట్టి బిర్యానీ వాసనైనా తగిలి ఉంటుంది. అదే సమయానికి నేను చిత్తూరులో మన చర్చి వరండాలో సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పన్నెండున్నరకు కూర్చున్నవాణ్ణి, ఐదుంముప్పావుకు లేచాను. ఆ బెంచీకి ఎవరిదో పేరు, ‘జ్ఞాపకార్థము’ అని చెక్కి ఉంది. ఇంకో గంట కూర్చుని ఉంటే దాని కింద నా పేరు కూడా చెక్కించేవాళ్లు.

నేనడిగింది కొండమీద కోతినేం కాదు. మా అమ్మాయి బాప్తిస్మం ఎక్‌స్ట్రాక్టు, అంటే రిజిస్టరు చూసి రాసిచ్చే నకలు. మదనపల్లెలో పెళ్లికొడుకు వాళ్ల సంఘం అయ్యగారు మహా కచ్చితమైన మనిషి. ఆ కాగితం చేతికి వస్తేగానీ వివాహ ప్రకటన చదవనన్నారు. ఆ ప్రకటన పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో చదవాలి. క్యాలెండరు ముందేసుకుని ఎటు నుంచి ఎటు లెక్కపెట్టినా పెళ్లికి ముందు మిగిలినవి మూడే. పత్రికలు అచ్చయిపోయాయి, మండపానికి అడ్వాన్సు ఇచ్చేశాం. ఆ కాగితానికి ఆధారం 1999 నాటి రిజిస్టరు. నల్ల అట్ట, వెన్ను ఊడిపోతే ఎవరో ఆసుపత్రి ప్లాస్టరు అంటించారు. అది బీరువాలో ఉంది. బీరువాకు మీరున్నారు.

మీరొక్కరే ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ఏదో ఒక ఏడు కోత పండుగ వేలం డబ్బు లెక్క తేలలేదు. గుమ్మడికాయ ఎవరు పాడారు, ఎంతకు పాడారు అన్నదాని మీద రెండు నెలలు మీటింగులు జరిగాయి. చివరికి బీరువాకు ఉన్న బీగం కాక ఇంకో బీగం తగిలించాలని తీర్మానం చేశారు. ఒక బీగంచెవి సెక్రటరీ గారి దగ్గర, ఒకటి ట్రెజరర్ గారి దగ్గర. ఒకరు లేకుండా ఇంకొకరు తెరవకూడదు. మీరు ఆ రెండోవారు. మీ జంట బీగంచెవి ఆ మధ్యాహ్నమంతా నా కళ్లెదుటే ఉంది. సెక్రటరీ గారు దాన్ని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ, “నాది రెడీ నాయనా, నా వైపు నుంచి ఏ ఆటంకమూ లేదు” అని నాలుగుసార్లు చెప్పారు.

ట్రెజరర్ గారికి ఫోన్ చేశాను. రెండు గంటలకు, “వచ్చేస్తా ఉండా నాయనా, బంగారుపాళ్యం దాటినా” అన్నారు. సరే, ఇంకో అరగంట అనుకున్నాను. మూడున్నరకు మళ్లీ చేస్తే, “ఇదో, మొగిలి ఘాట్ దిగతా ఉండా” అన్నారు. పలమనేరు నుంచి వచ్చేటప్పుడు ముందు తగిలేది మొగిలి ఘాట్, బంగారుపాళ్యం ఆ తర్వాతే. బంగారుపాళ్యం దాటిన మనిషి గంటన్నర తర్వాత మొగిలి ఘాట్ ఎలా దిగుతాడో చిత్తూరులో చిన్నపిల్లాణ్ణి అడిగినా నవ్వుతాడు. మీరు ఆ జేబులోనే ఉన్నారు కదా, నిజం చెప్పండి, రెండు గంటలకు అక్కడ ఇంకా రెండో పంక్తి కూడా లేవలేదు కదూ?

మన పాస్టరు అయ్యగారిని తప్పు పట్టను. ఆయన దగ్గర అచ్చు ఫారం ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, పెన్నుంది, అన్నిటికీ మించి మనసుంది. “సంతకం నాదే అన్నా, కానీ చూసి రాయడానికి పుస్తకం వాళ్ల దగ్గర” అని తల దించుకున్నారు. అమ్మగారు రెండుసార్లు మజ్జిగ పంపించారు. మనలాంటి ప్రెస్బిటేరియన్ సంఘంలో పాస్టరు అంటే సెషన్‌కు, అదే సంఘ పెద్దల సభకు, మోడరేటరు, అంటే కుర్చీలో కూర్చుంటారు, ప్రార్థనతో ప్రారంభిస్తారు, ప్రార్థనతో ముగిస్తారు. మధ్యలో జరిగేదంతా ఎల్డర్లది, అంటే ఆ పెద్దలది.

ఇక్కడే నాకు కడుపు మండుతుంది. ఎందుకంటే ఈ పద్ధతి ఎంత మంచి ఉద్దేశంతో పుట్టిందో సండే స్కూల్లో నేనే పిల్లలకు చెబుతాను. ఒక్కడి చేతిలో అధికారం పెడితే చెడిపోతాడని, 1541లో జెనీవాలో కాల్విన్ అనే మత సంస్కర్త సంఘ పరిచర్యను నాలుగు రకాలుగా పంచాడు. పాస్టర్లు, బోధకులు, పెద్దలు, పేదల సాయం చూసే డీకన్లు. జాన్ నాక్స్ దాన్ని స్కాట్లాండుకు పట్టుకెళ్లాడు. ప్రెస్బిటర్ అన్న గ్రీకు మాటకు అర్థమే పెద్ద అని. మన వైపుకు ఆర్కాటు మిషన్‌తో వచ్చింది. 1853లో స్కడర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన మిషన్ అది, వాళ్ల రిఫార్మ్‌డ్ చర్చిలోనూ పెద్దలదే పాలన. 1947లో మిషన్ సంఘాలు చాలా వరకు సి.ఎస్.ఐ.లో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, కలిసి బిషప్పుల కిందికి వెళ్లాయి. మనలాంటి చిన్న సంఘాలు కొన్ని మాత్రం మాకు బిషప్పు వద్దు, మా పెద్దలు మాకు చాలు అని బోర్డు రాసుకుని కూర్చున్నాయి. నేనూ ఆ మాట గర్వంగా చెప్పుకున్నవాణ్ణే. ఆదివారం బెంచీ మీద తెలిసొచ్చింది. బిషప్పు ఉన్నచోట ఒక్కాయన కాళ్లు పట్టుకుంటే పనైపోతుంది. మనకు తొమ్మిది మంది పెద్దలు, పద్దెనిమిది కాళ్లు. అధికారం అందరికీ పంచి పంచి, చివరికి ఒక ఇనప బీరువా తెరిచే అధికారం కూడా ఎవరికీ మిగల్లేదు.

పోనీ రెండో బీగం పగలగొడదామా అన్నాను. సుత్తి నేనే తెస్తాను, కొత్త బీగం నేనే కొనిస్తాను అన్నాను. సెక్రటరీ గారు నన్ను బలిపీఠం మీద చెయ్యి వేసినవాణ్ణి చూసినట్టు చూశారు. “సెషన్ తీర్మానంతో వేసిన బీగం నాయనా, సెషన్ తీర్మానంతోనే తీయాల.” అయితే సెషన్ కూర్చోబెట్టండి, ఇక్కడే ముగ్గురున్నారు కదా అన్నాను. కోరానికి ఐదుగురు కావాలట. నాలుగో ఆయన్ని పిలుద్దామంటే ఐదో ఆయన రాడు, ఐదో ఆయన వస్తే నాలుగో ఆయన లేచిపోతాడు. సమాధుల తోట ప్రహరీ గోడ గొడవ దగ్గర నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. ఉన్న మాటలన్నీ ప్రార్థనలోనే. “ప్రభువా, మా మధ్యలో గోడలు కట్టేవాళ్లను నీవే గద్దించు” అని ఒకాయన కళ్లు మూసుకుని అంటే, వచ్చే వారం రెండో ఆయన కళ్లు మూసుకుని జవాబిస్తాడు. మధ్యలో ఆమెన్ అనాల్సింది మేము.

తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో సంఘ అధ్యక్షుడు ఎలా ఉండాలో పౌలు వరసగా చెప్పాడు. జగడమాడనివాడై ఉండాలి, ధనాపేక్ష లేనివాడై ఉండాలి, తన ఇంటిని చక్కగా ఏలేవాడై ఉండాలి. ఊరికి పోయేటప్పుడు బీగంచెవి ఇంకొకరికి ఇచ్చి పోయేవాడై ఉండాలి అని మాత్రం రాయలేదు. అంత చిన్న విషయం చెప్పక్కర్లేదనుకున్నాడేమో.

మీ గొప్పతనం నాకు తెలియక కాదు. 1646లో ముగించిన, ప్రెస్బిటేరియన్ సంఘాలకు ఆధారమైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం ముప్పయ్యో అధ్యాయంలో పరలోకరాజ్యపు తాళపుచెవులు సంఘ అధికారుల చేతికి అప్పగించబడ్డాయని ఉంది. చదివినప్పుడు ఒళ్లు గగుర్పొడిచింది. ఇప్పుడూ పొడుస్తోంది, వేరే కారణానికి. పరలోకం దాకా పోయాక, లోపలికి పంపించాల్సిన ఆయన మొగిలి ఘాట్ దిగతా ఉండా అంటే నా గతేమిటి?

అన్నట్టు, చందా సంగతి. స్కాట్లాండులో ఒకప్పుడు ప్రభు భోజనానికి ముందు పెద్దలు సభ్యులను విచారించి, అర్హులకు లోహపు బిళ్లలు ఇచ్చేవారట. బిళ్ల ఉంటేనే బల్ల దగ్గరికి. మన పెద్దలు బిళ్లల జోలికి పోలేదు. నన్ను చూడగానే ముగ్గురిలో ఒకాయన మొదట అడిగిన మాట, “చందా బాకీ ఏమన్నా ఉండాదా?” లేదండీ. రశీదు ఉంది. పెళ్లి పనుల్లో తిరిగే మనిషి జేబులో ఆధార్ కార్డు లేకపోయినా ఫర్వాలేదు, ఇది లేకపోతే కుదరదని మనకు తెలుసు కదా.

ఇక అసలు మాటకు వస్తాను.

ఆ బెంచీ మీద నేనొక్కణ్ణే లేను. చర్చి ఊడ్చే అవ్వ నా పక్కనే కూర్చుని ఉంది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, గంట కొట్టకముందే చీపురు చప్పుడు వినిపిస్తుంది. భర్త పోయాక పేదల నిధి నుంచి నెలకు ఐదొందలు ఇస్తారు. ఎందుకు కూర్చున్నావవ్వా అంటే, పైటకొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుని, “ఆ దుడ్ల కోసమే నాయనా. మూడు వారాలుగా వస్తా ఉండా. ఒక వారం ఆయన లేడు, ఒక వారం ఈయన లేడు” అంది. ఆ కొంగు ముడిలో ఉన్నది ఒక తమలపాకు, సగం వక్క. ఇంకేం లేదు.

మూడు వారాలు. ఐదొందల రూపాయలకు.

ఓ బీగంచెవీ, ఇప్పుడు మీరూ గారూ అనడం నా వల్ల కావడం లేదు. డీకన్ల పని ఎందుకు పుట్టిందో తెలుసా నీకు? అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తెరిచి చూడు. నీకు తెరవడం రాదు కదా, నేనే చెబుతాను. యెరూషలేములో విధవరాళ్లకు రోజూ పెట్టే అన్నం అందడం లేదని గొడవ జరిగింది. దాని కోసం ఏడుగురిని ఎన్నుకున్నారు. అంతే. బల్లలు సర్దడానికి కాదు, పెళ్లిలో మైకు పట్టుకోవడానికి కాదు, క్రిస్మస్ బిర్యానీ దగ్గర నిలబడి ఎవరి ప్లేటులో ఎన్ని ముక్కలు పడ్డాయో చూడటానికి కాదు. ఒక ముసలామె ఆకలి కోసం పుట్టిన పదవి అది. ఆ ముసలామె ఇక్కడ బెంచీ మీద ఉంటే నువ్వు పలమనేరులో ఉన్నావు. దొంగ భయంతో రెండు బీగాలు వేశారు, సరే. డబ్బు పోలేదు, సరే. దొంగ ఎత్తుకుపోతే అవ్వకు ఐదొందలు అందవు. నువ్వు కాపాడినా అందలేదు. ఆమె వైపు నుంచి చూస్తే తేడా ఏమిటో చెప్పు.

నేను ఇలా ఊగిపోతుంటే అవ్వే నన్ను సముదాయించింది. “పోనీలే నాయనా, వాళ్లకు మాత్రం పనులుండవా. జీతమా బత్తెమా.” అది నిజమే, అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఐదున్నర దాటాక వచ్చారు ట్రెజరర్ గారు, చెమటలు కక్కుకుంటూ, చేతిలో తాంబూలం సంచితో. నిన్ను జేబులోంచి తీశారు. అప్పుడు చూశాను నిన్ను దగ్గర నుంచి. ఇంతా చేస్తే చిటికెన వేలంత లేవు. పాత కానుక కవరు ముక్క మీద ‘బీరువా 2’ అని రాసి పురికొసతో కట్టారు. ఒక పన్ను అరిగిపోయింది, తిప్పేటప్పుడు కొంచెం పైకెత్తి తిప్పాలి. ఆ కిటుకు ఆయనకొక్కడికే తెలుసట.

బీరువా తెరిచారు. పై అరలో, రిజిస్టర్ల మీద, ఒక పొట్లం. విప్పితే నీ డూప్లికేటు. ట్రెజరర్ గారి ముఖం వెలిగిపోయింది. “ఓహో, ఈడుండావా! ఎన్నేండ్లుగా ఎతకతా ఉండా!” అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన దాన్ని మళ్లీ జాగ్రత్తగా పొట్లం కట్టి, “పోకుండా ఉంటుంది” అంటూ లోపలి అరలోకి తోశారు.

నేనేమీ అనలేదు. ఎందుకంటే అప్పటికే ఆయన వరండాలోకి పోయి, వోచరూ సంతకమూ ఏమీ లేకుండా, సొంత జేబులోంచి ఐదొందల నోటు తీసి అవ్వ చేతిలో పెట్టడం చూశాను. తాంబూలం సంచిలో లడ్డూ కూడా ఇచ్చారు. “లెక్క మళ్లీ రాసుకుంటాలే” అన్నారు, ఎవరితోనో తెలియదు. కరోనా రోజుల్లో మా పెదనాన్న పోతే సొంతవాళ్లే గేటు దగ్గర ఆగిపోయారు. అప్పుడు లోపలికొచ్చి పెట్టె పట్టుకున్న నలుగురిలో ఈయనొకడు. అలాంటి మనిషిని పట్టుకుని ఏమని తిట్టేది? అందుకే నిన్ను తిడుతున్నాను.

ఎక్‌స్ట్రాక్టు వచ్చింది. అయ్యగారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం పెట్టారు. దాన్ని నేను మడత పెట్టుకుంటుంటే సెక్రటరీ గారు గొంతు సవరించుకున్నారు. అమ్మాయి వేరే సంఘానికి పోతోంది కాబట్టి దీనితో పాటు నిరభ్యంతర పత్రం కూడా కావాలట. దానికి సెషన్ తీర్మానం కావాలట. ఐదుగురు కావాలట.

మదనపల్లె అయ్యగారిని బతిమాలాను. ఎక్‌స్ట్రాక్టు చూసి ప్రకటన మొదలుపెడతానన్నారు, ఆ రెండోది మాత్రం పెళ్లిలోపు చేతిలో ఉండాలన్నారు. కాబట్టి వచ్చే ఆదివారం కూడా నీ దర్శనానికి వస్తున్నాను. మినిట్స్ పుస్తకం కూడా ఆ బీరువాలోనే కదా ఉండేది. ఆ రోజు కుప్పంలో గృహప్రవేశం ఉందని విన్నాను. దయచేసి జేబులో నుంచి దిగి ఇక్కడే ఉండు.

ఇట్లు,
సిమెంటు బెంచీ మీద, అవ్వ పక్కన దొరికే
ఒక సంఘ సభ్యుడు
(చందా బాకీ లేదు, రశీదు జతపరచడమైనది)