పట్టపగలే చుక్కలు చూపించిన ఇమ్యూనిటీ గారికి

ఇమ్యూనిటీ గారూ,

నమస్కారం. బాగున్నారా అని అడగను, మీరు మరీ ఎక్కువ బాగుండబట్టే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఎక్కడ చూసినా మీ పేరే కదా, మిమ్మల్ని పెంచే పొడులట, మిమ్మల్ని పెంచే సిరప్పులట, పొద్దున లేస్తే ఎవరో ఒకరు పంపే చిట్కాలట. మిమ్మల్ని కాస్త తగ్గమని బతిమాలుకునేది నేనొక్కదాన్నే అనుకున్నా, పిల్లల వార్డులో అడుగుపెట్టేదాకా.

మా వాడికి నాలుగేళ్లు. జలుబు చేసింది, మూడు రోజుల్లో తగ్గింది, అందుకు మీకు థాంక్స్. రెండు వారాల తర్వాత స్నానం చేయిస్తుంటే పిక్కల మీద ఎర్రటి చుక్కలు, గుండుసూదితో పొడిచినంత సన్నగా. దోమలేమో అనుకున్నా. దద్దురైతే వేలితో నొక్కినప్పుడు ఒక్క క్షణం తెల్లబడుతుంది, ఇవి ఎంత నొక్కినా అలాగే ఉన్నాయి. రక్తం నాళంలోంచి బయటపడి చర్మంలో చేరితే అంతేనట. మర్నాడు ముక్కులోంచి రక్తం, దూది మార్చినకొద్దీ తడుస్తూనే ఉంది. టెస్ట్ చేస్తే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 7 వేలు. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. పట్టపగలే చుక్కలు కనబడటం అంటే ఏమిటో ఆ రోజు రెండు రకాలుగానూ తెలిసింది.

దీన్ని ఐటీపీ అంటారని డాక్టరమ్మ చెప్పారు. తమరు జలుబు వైరస్ మీదకి అస్త్రాలు తయారు చేశారు, బాగానే ఉంది. కానీ ఆ హడావిడిలో మా వాడి ప్లేట్‌లెట్లకు అతుక్కునే యాంటీబాడీలు కూడా పుట్టించారు. అవి అతుక్కున్న ప్లేట్‌లెట్, పాత రక్తకణాలను ఏరేసే ప్లీహంలోకి వెళ్లిందా, అక్కడ కాపు కాసిన మీ కణాలు గుటుక్కున మింగేయడమే. వారం పది రోజులు బతకాల్సిన ప్లేట్‌లెట్ గంటల్లో సాఫ్. అయ్యా, ప్లేట్‌లెట్లు మీ మనుషులే కదా! బ్యాక్టీరియాను గుర్తుపట్టి మీకు కబురందించేవాటిలో అవీ ఉన్నాయి. కంచె చేను మేయడం విన్నాం గానీ, కంచె కాపలావాణ్ణి కూడా మేయడం మీ దగ్గరే చూశాం.

తప్పు మీదేనని రుజువు చేయడానికి విలియం హారింగ్టన్ అనే డాక్టరు 1950లో ఇలాంటి జబ్బున్న మనిషి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు పాతాళానికి పడిపోయాయి, కొన్ని రోజులకు గానీ కోలుకోలేదు. మీ మీద చార్జిషీటు రాయడానికి ఒక మనిషి అంత పని చేయాల్సి వచ్చింది, చూసుకోండి.

ఇక పక్క బెడ్. అక్కడ రెండేళ్ల పాప, తొమ్మిది రోజులుగా తగ్గని జ్వరం, కళ్లు ఎర్రగా, పెదాలు పగిలి, నాలుక స్ట్రాబెర్రీలా. వేళ్ల కొసల్లో చర్మం పొరలుగా లేస్తోంది, వాళ్లమ్మ దాన్ని లాగకుండా పాప చెయ్యి తన చేతిలో పెట్టుకుని కూర్చునేది. కవాసాకి జబ్బు. జపాన్‌లో టొమిసాకు కవాసాకి అనే పిల్లల డాక్టరు 1961లో మొదటి కేసు చూసి, 1967లో 50 మంది పిల్లల వివరాలు అచ్చువేశారు. కారణం ఇప్పటికీ తేలలేదు, మీరు రెచ్చిపోతారన్నది మాత్రం తేలింది. ఆ పాప ప్లేట్‌లెట్లు 7 లక్షలు! మా వాడికీ తనకీ మధ్య రెండు సున్నాల తేడా. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల గోడలు మీ మంటకు వాచి బుడగల్లా ఉబ్బే ప్రమాదం ఉంది, ఆ బుడగలో రక్తం గడ్డకడితే ప్రాణం మీదకే. అందుకే ఆ పాపకి రక్తం గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్ ఇచ్చారు. మా వాడి ఫైలు మీద మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకూడదని ఎర్ర ఇంకుతో రాశారు.

రక్తం కారిపోయే పిల్లాడు ఒకవైపు, గడ్డకడుతుందని భయపడే పాప ఇంకోవైపు, ఇద్దరి వెనకా మీరే. అసలు మీకూ ఈ గడ్డకట్టే డిపార్ట్‌మెంట్‌కూ సంబంధం ఏమిటని ఆరా తీస్తే చాలా పాత చుట్టరికమే బయటపడింది. గుర్రపునాడా పీత అని సముద్రంలో ఒక జీవి ఉంది, దానికి మీ పని, గడ్డకట్టే పని రెండూ చూసేది ఒకే రకం కణం. బ్యాక్టీరియా ఎక్కిస్తే దాని రక్తం జెల్లీలా పేరుకుపోతుందని ఫ్రెడెరిక్ బ్యాంగ్ 1956లో చెప్పారు. క్రిమిని గడ్డలో బంధించేయడం, అంతే సంగతులు. మనుషుల్లో రెండు శాఖలుగా విడిపోయారన్న మాటే గానీ లోపాయికారీగా ఫైళ్లు ఇంకా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. మీ తెల్లకణాలు చచ్చేటప్పుడు తమ డీఎన్‌ఏనే వలలా విసిరేస్తాయని 2004లో బయటపడింది, ఆ వలకు ప్లేట్‌లెట్లు పట్టుకుని గడ్డలు మొదలవుతాయట. క్రిమి దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆ వల ఎవరు సర్దుతారు, చెప్పండి?

అసలు జోకు ఇంకా ఉంది. ఇద్దరు పిల్లలకూ సాయంత్రం ఎక్కించిన మందు ఒకటే, ఐవీఐజీ. మోతాదు వేరు. అందులో ఉండేది వేలమంది దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీలు, అంటే మీ సరుకే! 1981లో పాల్ ఇంబాక్ అనే స్విస్ డాక్టరు దీన్ని ఐటీపీ పిల్లలకు ఇచ్చి చూస్తే ప్లేట్‌లెట్లు పెరిగాయి. ప్లీహంలో మింగే కణాల నోళ్లకు ఈ యాంటీబాడీలే అడ్డం పడతాయని ఒక వివరణ. నోటి నిండా ఏదైనా కుక్కితే తప్ప తిండి ఆపని బాపతు మీరు. ఐటీపీ పిల్లల్లో చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతుందట, మా వాడి ముక్కు ఆగలేదు కాబట్టి ఎక్కించారు. మూడో రోజుకి 46 వేలు. పాపకు జ్వరం దిగింది, గుండె ఎకో మాత్రం మళ్లీ మళ్లీ తీయించాలన్నారు.

ఇంటికొచ్చి వారమైంది. రోజూ స్నానాల వేళ పిక్కలు తిప్పి చూస్తున్నా. పాతవి గోధుమరంగుకు తిరిగాయి, కొత్తవి రాలేదు. నిన్న రాత్రి మాత్రం మా వాడు రెండుసార్లు తుమ్మాడు. మళ్లీ ఏదో వైరస్ వచ్చినట్టుంది, మీకు ఈపాటికి కబురు అంది ఉంటుంది. దయచేసి ఈసారి దాన్ని మాత్రమే కొట్టండి.

ఇట్లు,
చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్న ఓ తల్లి